బందీఖానాలో పాడిన పద్దులు

"ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు రామచంద్రా" అని రామదాసు భద్రాచల రాముణ్ణి నిలదీసిన మాట తెలియని తెలుగువాళ్లు తక్కువ. హరికథలో విన్నా, శ్రీరామనవమి పందిట్లో మైకులో విన్నా, పాట ఆ మాట దగ్గరికి రాగానే వినేవాళ్ల ముఖాల్లో చిన్న నవ్వు మెరుస్తుంది. దేవుణ్ణి పట్టుకుని ఎంత మాట అన్నాడు అని. అయినా ఆ పాటను మనం కీర్తన అనే పిలుస్తాం. కీర్తన అంటే పొగడ్త. తిట్టు పొగడ్తల లెక్కలోకి ఎలా చేరింది?

ఈ ప్రశ్న జోలికి పోకుండా, కష్టకాలంలో దైవకీర్తన మనసుకు శాంతినిస్తుంది అని ఒక్క ముక్కలో తేల్చేయడం సులువు. ప్రవచనాల్లో, పండగ సంచికల్లో అలాగే తేల్చేస్తుంటారు కూడా. కానీ నిజంగా కష్టంలో పుట్టిన పాటల్ని దగ్గర పెట్టుకుని మాట మాటా చూస్తే, వాటిలో శాంతి కంటే తగాదా ఎక్కువగా కనిపిస్తుంది. అడగడం, అలగడం, లెక్కలు తీయడం, పాత సంగతులు తవ్వడం, చివర్లో నాలుక కరుచుకోవడం. ఈ తగాదా ఎందుకు భక్తి అయిందో తెలిస్తే తప్ప కష్టంలో మనిషి ఎందుకు పాడతాడో తెలియదు.

రామదాసు అసలు పేరు కంచెర్ల గోపన్న. ఊరు ఇప్పటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి. గోల్కొండను ఏలిన కుతుబ్ షాహీల్లో చివరివాడు అబుల్ హసన్. మన జనం తానీషా అనే పిలుచుకుంటారు. ఆయన 1672 నుంచి 1687 దాకా పాలించాడు. ఆయన కొలువులో చక్రం తిప్పిన అక్కన్న, మాదన్న గోపన్నకు మేనమామలని చెబుతారు. వాళ్ల చలవతోనే గోపన్నకు భద్రాచలం ప్రాంతంలో తహసీల్దారు ఉద్యోగం వచ్చింది. శిస్తు వసూలు చేసి ఖజానాకు పంపడం ఆయన పని. వసూలైన సొమ్ముతో ఆయన గోదావరి ఒడ్డున గుడి కట్టించాడు, నగలు చేయించాడు. కథల్లో ఆ మొత్తం ఆరు లక్షలు, జైల్లో గడిపింది పన్నెండేళ్లు. గోల్కొండ కోటకు వెళ్లినవాళ్లు ఇప్పటికీ రామదాసు బందీఖానా చూసే వస్తారు. లోపల గోడ మీద సీతారామలక్ష్మణుల, హనుమంతుడి రూపాలు చెక్కి ఉంటాయి. ఆయనే చెక్కాడని నమ్మకం.

ఈ కథను భక్తుడికీ క్రూరుడైన నవాబుకూ మధ్య పోరాటంగా చెప్పేస్తే పాటలో సగం రుచి పోతుంది. లెక్క ప్రకారం చూస్తే దివాణం అడిగింది న్యాయమైన ప్రశ్నే. అది గోపన్న సొంత డబ్బు కాదు. రైతులు కట్టిన శిస్తు, ఖజానాకు చేరాల్సిన సొమ్ము. ఈ రోజుల్లో ఏ తహసీల్దారైనా అదే పని చేస్తే, కట్టింది గుడైనా బడైనా సరే, ముందు సస్పెన్షన్ ఆర్డరు, ఆ తర్వాత కేసు. కాబట్టి "ఎవరి సొమ్మని ఖర్చు పెట్టావు?" అన్న ప్రశ్న మొదట గోపన్న మీదికే వచ్చి ఉంటుంది. ఆయన దాన్ని పట్టుకెళ్లి రాముడి ముందు పెట్టాడు. నన్ను అడిగిన ప్రశ్ననే నేను నిన్ను అడుగుతున్నాను, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావు? ఇలా చదివితే ఆ తిట్టు ఉత్త కోపంలా ఉండదు. కేసు పై కోర్టుకు బదిలీ అయినట్టు ఉంటుంది.

"ఇక్ష్వాకు కులతిలక" అని మొదలయ్యే ఆ పాట నడకే చెబుతుంది, పాడుతున్నవాడు రెవెన్యూ మనిషని. గుడి చుట్టూ ప్రాకారం కట్టించాను, పదివేల వరహాలు పట్టాయి. భరతుడికి పచ్చల పతకం, పదివేల వరహాలు. శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, పదివేల మొహరీలు. లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, నీకు కలికితురాయి. వస్తువు, ఎవరికి, ఎంత అయింది అని వరసగా పద్దులు. ప్రతిదానికీ సరిగ్గా పదివేలే కావడం చూస్తే ఏ ఆడిటరుకైనా అనుమానం రావాలి. పాటకు తాళం కావాలి గానీ పైసలతో సహా మొత్తం తేలాల్సిన పని లేదు కదా. అయినా ఆ పద్దుల వరసలో జీవితమంతా లెక్కలు రాసిన చెయ్యి తెలుస్తుంది. కష్టం వచ్చినప్పుడు మనిషి తనకు రాని భాషలో ఏడవడు. రైతు పొలం మాటల్లో, వ్యాపారి బాకీ మాటల్లో, తహసీల్దారు జమాఖర్చుల్లో ఏడుస్తాడు.

లెక్క అయ్యాక ఎత్తిపొడుపు. ఇదంతా నీకు మీ నాన్న దశరథ మహారాజు పెట్టాడా, మీ మామ జనక మహారాజు పంపాడా? పెళ్లిళ్లలో కట్నాల దగ్గర వినిపించే మాట ఇది. అయోధ్య రాజును తెచ్చి మన వీధి అరుగు మీద కూర్చోబెట్టి అడుగుతున్నాడు. అంతా అనేశాక ఉలిక్కిపడతాడు. తిట్టానని ఆయాసపడకు, ఈ దెబ్బలు ఓర్వలేక తిట్టాను అంటాడు. ఆ చోట దెబ్బ, అబ్బ అన్న మాటలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. తిట్టులో 'అబ్బ' అంటే తండ్రి. దెబ్బ తగిలినప్పుడు నోటి నుంచి వచ్చేదీ 'అబ్బా' అన్న మాటే. తిట్టూ మూలుగూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. ఇంకో భాషలోకి తీసుకెళ్దామంటే ఇక్కడే చెయ్యి ఆగిపోతుంది.

అయితే ఇంత తగాదాలోనూ ఒక్కటి మారదు. ప్రతి పాదం చివర 'రామచంద్రా' అన్న పిలుపు ఉంటుంది. లెక్క చెప్పినా రామచంద్రా, ఎత్తిపొడిచినా రామచంద్రా, క్షమాపణ అడిగినా రామచంద్రా. తిట్టును కీర్తనగా మార్చింది ఆ పిలుపే. నిజంగా మనసు విరిగిపోయినవాడు తిట్టడు, మాట మానేస్తాడు. మన ఇళ్లలో కూడా అంతే. అలిగి అరిచే పిల్లవాడి గురించి తల్లి పెద్దగా కంగారు పడదు. ముఖం తిప్పుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంటేనే టెన్షన్ మొదలవుతుంది. దేవుడి పేరు పెట్టి ఎదురుగా ఉన్నట్టు పిలుస్తూ తగాదా పడుతున్నంత సేపూ వినేవాడు ఉన్నాడని పాడేవాడు ఒప్పుకుంటున్నట్టే. కష్టంలో స్తుతి అంటే దేవుడి గురించి మంచి మాటలు చెప్పడం కాదు. దేవుడితో మాట్లాడటం ఆపకపోవడం.

రామదాసు మిగతా పాటల్ని కూడా దీని పక్కన పెట్టి చూస్తే ఒకే మనిషి ఎన్ని దారులు వెతికాడో అర్థమవుతుంది. "పలుకే బంగారమాయెనా" అన్నప్పుడు ఆయన బాధ దెబ్బల గురించి కాదు, మౌనం గురించి. ఎంత వేడుకున్నా సుంతైనా దయ రాదేమని అడుగుతాడు. "నను బ్రోవమని చెప్పవే సీతమ్మ తల్లి" పాటలో సిఫారసు దారి పట్టాడు. పెద్దాయన వినడం లేదు, అమ్మగారితో చెప్పిద్దాం అన్నది కొలువుల్లో పనిచేసినవాడికి బాగా తెలిసిన కిటుకు. ఎప్పుడు చెప్పాలో కూడా చెబుతాడు. నలుగురిలో కాదు, ఇద్దరూ ఏకాంతంగా ఉన్నప్పుడు, ఆయన మంచి సరదా మీద ఉన్నప్పుడు చెప్పమ్మా అని. "ఏ తీరుగ నను దయజూచెదవో" దగ్గరికి వచ్చేసరికి గొంతు మారిపోతుంది. క్రూరకర్మములు నేరక చేశాను, నా నేరాలు ఎంచకు అంటాడు. అక్కడ లెక్కలు లేవు, ఎత్తిపొడుపు లేదు. అడిగేవాడు వేడుకునేవాడు అయ్యాడు.

ఈ పాటల్ని ఇలా వరసలో పెట్టి మెట్లు కట్టకూడదు. మొదట కోపం, తర్వాత బతిమాలడం, చివరికి శరణాగతి అని కట్టేస్తే చదవడానికి బాగుంటుంది కానీ ఏ పాట ముందో ఏది వెనకో చెప్పే ఆధారం లేదు. పైగా కష్టంలో ఉన్న మనసు అలా మెట్లెక్కదు. పొద్దున శరణు అన్నవాడే సాయంత్రం మళ్లీ లెక్కలు తీస్తాడు. తిట్టిన పాటనూ వేడుకున్న పాటనూ జనం ఒకే భజనలో పక్కపక్కనే పాడుకుంటారు. ఒకటి పైమెట్టు, ఒకటి కిందమెట్టు అనుకోలేదు. ఆ విషయంలో భజన మండలివాళ్లు వ్యాఖ్యాతల కంటే తెలివైనవాళ్లు.

తెలుగు క్రైస్తవుల బైబిల్లో ఒక పుస్తకం పేరు కీర్తనల గ్రంథం. రామదాసు పాటకు వాడిన మాటే అక్కడా ఉంది. హీబ్రూలో కూడా ఆ పుస్తకం పేరుకు స్తుతులు అనే అర్థం. లోపలికి వెళ్తే 150 కీర్తనల్లో మొర పెట్టుకునేవి, ఫిర్యాదు చేసేవి బోలెడు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది పదమూడోది. ఎనభై ఎనిమిదోదైతే చివరిదాకా చీకట్లోనే నడిచి చీకటి దగ్గరే ఆగిపోతుంది. చాలా కీర్తనల్లో చివర వెలుగు కనిపిస్తుంది, దీనిలో అదీ లేదు. ఆ పుస్తకాన్ని కూర్చినవాళ్లు దీన్ని తీసి పక్కన పడేయలేదు, ఓదార్పుగా నాలుగు మాటలు చివర అతికించనూ లేదు. స్తుతులు అని పేరు పెట్టిన పుస్తకంలోనే ఉంచారు. తిట్టిన పాటను కీర్తన అన్న మన జనానిదీ, ఈ కీర్తనను అట్టే పెట్టిన వాళ్లదీ ఒకే తీర్పు. ఎదురుగా నిలబడి అడిగితే చాలు, సంతోషంగా అడగక్కర్లేదు.

ఆ పుస్తకంలోనే నూట ముప్పై ఏడో కీర్తన ఈ విషయంలో ఇంకో కోణం చూపిస్తుంది. క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దంలో బబులోను సైన్యం యెరూషలేమును కూల్చి, జనాన్ని చెరపట్టుకుపోయింది. అక్కడ నదుల ఒడ్డున కూర్చుని ఏడుస్తుంటే, చెరపట్టినవాళ్లు వచ్చి మీ సీయోను (అంటే యెరూషలేము) పాటలు ఒకటి పాడండి అని అడిగారు. వాళ్లు సితారాలు చెట్లకు తగిలించేసి, పరాయి దేశంలో ఆ పాట ఎలా పాడతాం అన్నారు. కష్టంలో ఉన్నవాళ్లను పాడమని ఒకరు ఆర్డరు వేయడం ఎంత క్రూరమో ఆ నాలుగు వాక్యాల్లో ఉంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గరికి వెళ్లి, ఏడవకూడదమ్మా, దేవుణ్ణి స్తుతించాలి అని చెప్పే పెద్దమనుషులు అన్ని మతాల్లోనూ ఉన్నారు. స్తుతి బయటి నుంచి వేసే మందు కాదు. లోపలి నుంచి వస్తే పాట, బయటి నుంచి పెడితే శిక్ష. తమాషా ఏమిటంటే, మేము పాడం అన్న ఆ మాట కూడా చివరికి ఒక పాటే అయింది. అదీ కీర్తనల గ్రంథంలోనే చేరింది.

ఇక అందరూ ఉదాహరణ చెప్పే ఫిలిప్పీ చెరసాల. మాసిదోనియాలో రోమన్ల వలస పట్టణం అది, ఇప్పటి గ్రీసులో ఉంది. క్రీస్తు గురించి బోధిస్తూ అక్కడికి వెళ్లిన పౌలునూ సీలనూ బెత్తాలతో కొట్టి, లోపలి చెరసాలలోకి తోసి, కాళ్లకు బొండ కొయ్య వేసి బిగించారు. బైబిల్లోని అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయం చెప్పేది ఇదీ: "మధ్యరాత్రివేళ పౌలును సీలయు దేవునికి ప్రార్థించుచు కీర్తనలు పాడుచునుండిరి, ఖయిదీలు వినుచుండిరి." ఆ తర్వాత భూకంపం, తలుపులు తెరుచుకోవడం. ప్రసంగాల్లో దీన్ని కారణం, ఫలితం అన్నట్టు చెబుతారు. పాడారు కాబట్టి తలుపులు తెరుచుకున్నాయి, మీరూ పాడండి, మీ తలుపులూ తెరుచుకుంటాయి అని. కథ అలా చెప్పడం లేదు. తలుపులు తెరుచుకున్నా వాళ్లిద్దరూ బయటికి పరిగెత్తలేదు. ఖైదీలు పారిపోయారనుకుని కత్తి దూసుకున్న చెరసాల అధికారిని, మేమంతా ఇక్కడే ఉన్నాం, ఏ హానీ చేసుకోవద్దు అని ఆపారు. తలుపుల కోసమే పాడి ఉంటే తెరుచుకోగానే పాట పని అయిపోయి ఉండేది.

ఇలాంటి కథలు వినేటప్పుడు మనం ఎప్పుడూ చేసే పొరపాటు ఒకటుంది. మనకు ముగింపు తెలుసు. రాముడూ లక్ష్మణుడూ రామోజీ, లక్ష్మోజీగా వచ్చి, రాత్రికి రాత్రి తానీషాకు సొమ్ము కట్టి, రసీదు పుచ్చుకున్నారన్న కథ తెలుసు. కాబట్టి "ఎవడబ్బ సొమ్మని" అన్నప్పుడు మనకు నవ్వు వస్తుంది, ఎలాగూ విడుదల అవుతాడు కదా అన్న ధీమాతో. పాడేవాడికి ఆ ధీమా లేదు. రేపు తెల్లారితే మళ్లీ కొరడా వస్తుందో, ఇంకో ఏడాది గడుస్తుందో, అక్కడే చచ్చిపోతాడో తెలియదు. ముగింపు తెలియకుండా పాడినదాన్ని ముగింపు తెలిసిన చెవులతో వింటే పాటలో ఉన్న భయం మనకు వినబడదు.

ఆ భయాన్ని సూటిగా చెప్పిన పద్యం మన తెలుగులోనే ఉంది. ఇప్పటి జనగామ జిల్లాలోని బమ్మెర గ్రామంతో ముడిపడిన పేరు పోతన. ఆయన రాసిన గజేంద్రమోక్షంలో మొసలి నోట చిక్కిన ఏనుగు, దేవుడు దీనుల దగ్గర ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు అని చెప్పుకుంటూ వచ్చి, చివరికి "కలడు కలండనెడివాడు కలడో లేడో" అంటుంది. స్కూల్లో బట్టీ పట్టినవాళ్లం ఆ పద్యాన్ని గబగబా చదివేసి లావొక్కింతయు లేదు అన్న పద్యానికి వెళ్లిపోతాం. కాస్త ఆగి చూస్తే, ఉన్నాడో లేడో అన్న అనుమానం సాక్షాత్తూ భాగవతంలో, మొక్కుతున్న నోటి నుంచే వస్తోంది. అనుమానం వచ్చింది కాబట్టి ప్రార్థన ఆగలేదు. అనుమానం కూడా ప్రార్థనలోనే ఒక పద్యం అయింది.

పాటే ఎందుకు, మాట చాలదా అంటే కొంత జవాబు ఒంట్లో ఉంది. 2001లో ఇటలీ పరిశోధకులు 23 మంది చేత లాటిన్‌లో జపమాల ప్రార్థనను, ఒక మంత్రాన్ని చదివించి చూశారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి దాదాపు ఆరుసార్లకు నెమ్మదించింది. గుండె లయ కూడా దానికి తగ్గట్టు కుదురుకుంది. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు కలిసి పాడేవాళ్ల గుండె వేగం ఒకేసారి పెరుగుతూ తగ్గుతూ ఉండటం గమనించారు. పాదం పొడుగునా ఊపిరి వదలాలి, పాదం చివర పీల్చుకోవాలి. ఏడుపులో ఎగిసిపడే ఊపిరికి పాట ఒక గట్టు కడుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఈ లెక్కన ఏ పాట పాడినా ఒకటే కావాలి. రామచంద్రా అని పిలిస్తే వచ్చేది ఊపిరి లెక్కకు పూర్తిగా అందదు.

పాట కట్టడంలో ఇంకో సంగతి ఉంది. మనిషి దెబ్బతిన్నప్పుడు ముందు పోయేది మాట. ఏం చెప్పాలో తోచదు, నేర్చుకున్న శ్లోకాలు గుర్తురావు. పల్లవి ఉన్న పాటకు ఆ ఇబ్బంది తక్కువ. చరణం మరిచిపోయినా పల్లవి దగ్గరికి వస్తే చాలు, అది మళ్లీ నిలబెడుతుంది. "ఇక్ష్వాకు కులతిలక" పాటలో పద్దులన్నీ ముందు పాడేవాడు చూసుకుంటాడు. వెనక ఉన్నవాళ్లకు 'రామచంద్రా' అన్న ఒక్క మాట వస్తే సరిపోతుంది. చదువు రానివాళ్లు, పాట రానివాళ్లు, గొంతు పెగలనివాళ్లు కూడా ఆ ఒక్క మాట దగ్గర కలుస్తారు.

తెలంగాణలో, రాయలసీమలో చాలా ఊళ్లలో శవం రాత్రంతా ఇంట్లో ఉండాల్సి వస్తే భజన వాళ్లు వస్తారు. హార్మోనియం, డోలకు, తాళాలు పెట్టుకుని తెల్లవార్లూ తత్వాలు పాడతారు. చావు ఇంటికి వెళ్లినవాళ్లకు పెద్ద చిక్కు ఏం మాట్లాడాలన్నదే. ఊరుకో, మన చేతుల్లో ఏముంది అని రెండు మాటలయ్యాక మూడో మాట ఉండదు. భజన ఆ చిక్కు తీరుస్తుంది. ఎవరూ ఎవరినీ ఓదార్చక్కర్లేదు, తాళం వేస్తూ కూర్చుంటే సరిపోతుంది. ఏడ్చేవాళ్లు ఏడుస్తారు, పాట వాళ్లను ఆపదు, పాట కూడా ఆగదు. క్రైస్తవుల ఇళ్లలో చావు తర్వాత జరిగే ఆదరణ కూడికలు చేసే పనీ అదే. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌధరి లాంటివాళ్లు క్రైస్తవ కీర్తనలకు రాగం, తాళం, పల్లవి, చరణాలతో మన కట్టడాన్నే తీసుకున్నారు. పాశ్చాత్య బాణీలు కూడా చర్చిల్లో ఉన్నాయి. కానీ చావు ఇంట్లో ముసలివాళ్లు పుస్తకం తెరవకుండా పాడగలిగేవి ఎక్కువగా ఆ పల్లవి ఉన్న కీర్తనలే.

ఫిలిప్పీ కథలో మనం తొందరలో దాటేసే మాట ఒకటుంది. ఖైదీలు వింటున్నారు. వాళ్లెవరో, ఏ నేరానికి వచ్చారో కథ చెప్పదు. పాడినవాళ్లు వాళ్ల కోసం పాడారనీ చెప్పదు. ఒకడి కష్టంలో పుట్టిన పాట పక్క గదిలోని ఇంకొకడి చెవిన పడింది, అంతే.

మన దగ్గర ఆ పక్క గది కావేరి ఒడ్డున తిరువయ్యారులో ఉంది. 1767లో పుట్టిన త్యాగరాజు, గోల్కొండ రాజ్యం కూలి నూరేళ్లు దాటాక, తమిళ దేశంలో కూర్చుని తెలుగులో పాడాడు. దేవగాంధారి రాగంలో ఆయన కీర్తన "క్షీరసాగర శయన" పల్లవిలోనే ఫిర్యాదు ఉంది, నన్ను చింతల పెట్టవలెనా రామ అని. ఆ తర్వాత వరసగా సాక్ష్యాలు చూపిస్తాడు. ఏనుగురాజును కాపాడటానికి వేగంగా వచ్చావని విన్నాను. ద్రౌపదికి చీరలిచ్చావని విన్నాను. ధీరుడైన రామదాసు బంధం తీర్చావని విన్నాను. సీతమ్మ కోసం సముద్రం దాటావని విన్నాను. ప్రతి పాదం చివర 'విన్నానురా'.

ఈ వరసను నిదానంగా చూడాలి. గజేంద్రుడు, ద్రౌపది, సీత పురాణాల్లోవాళ్లు. వాళ్ల మధ్యలో నేలకొండపల్లి నుంచి వచ్చిన ఒక తహసీల్దారు కూర్చున్నాడు. ఉడుతను కరుణించావు కదా, నన్నెందుకు కరుణించవు అని రాముడికి పాత ఉదాహరణలు గుర్తు చేసినవాడు, ఇప్పుడు తానే ఒక ఉదాహరణ అయ్యాడు. కష్టంలో ఉన్నవాడు పాత మేళ్లన్నీ దేవుడికి గుర్తు చేయడం కీర్తనల గ్రంథంలోనూ కనిపించే పద్ధతే. నా దేవా, నన్నేల విడిచితివి అని మొదలయ్యే ఇరవై రెండో కీర్తన రెండడుగులు వేయగానే, మా పితరులు నిన్ను నమ్మారు, నువ్వు వాళ్లను రక్షించావు అంటుంది. ఒక తరం మొర తర్వాతి తరానికి సాక్ష్యపత్రం. త్యాగరాజు చూశాను అనలేదు, విన్నాను అన్నాడు. ఆయన దాకా వచ్చింది పాటే. శాసనమో దివాణం కాగితమో కాదు.

ఆ పాటలు వచ్చిన దారి కూడా సాఫీగా ఏమీ లేదు. రామదాసు ఏ బాణీలో పాడాడో చెప్పే రాత లేదు. పదాలు చోటు చోటుకీ మారతాయి. తమిళనాడు భజన గోష్ఠుల్లో జయదేవుడి అష్టపదులతో, నారాయణ తీర్థుల తరంగాలతో పాటు రామదాసు కీర్తనలకు తప్పనిసరి స్థానం ఉంది. అక్కడ తెలుగు రానివాళ్లు కూడా వాటిని శ్రద్ధగా నేర్చుకుంటారు. ఇరవయ్యో శతాబ్దంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతు వాటిని రేడియోల్లోంచి, క్యాసెట్లలోంచి ఇంటింటికీ చేర్చింది. ఇవాళ మనకు వినబడే "పలుకే బంగారమాయెనా" చాలావరకు ఆ గొంతులోదే.

గోల్కొండ 1687లో ఔరంగజేబు వశమైంది. ఆరు లక్షలు అడిగిన ఖజానాయే లేకుండా పోయింది. అంతకు ముందు ఏడే అక్కన్న మాదన్నలు హతమయ్యారు. తానీషా తన చివరి ఏళ్లు దౌలతాబాద్ కోటలో ఖైదీగా గడిపాడు.

భద్రాచలంలో మాత్రం ప్రతి చైత్ర శుద్ధ నవమికీ కల్యాణం జరుగుతుంది. ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు వస్తాయి. అది తానీషా కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ అంటారు. మిథిలా మండపంలో ఎండకు ఉక్కిరిబిక్కిరి అవుతూ కూర్చున్న జనానికి అర్చకులు రామదాసు చేయించిన నగలు ఒక్కొక్కటీ ఎత్తి చూపిస్తారు. పచ్చల పతకం, చింతాకు పతకం. మైకులో పేరు చెబుతుంటే జనం చేతులెత్తి దండం పెడతారు. బందీఖానాలో దెబ్బలు తింటూ ఒకడు లెక్కగట్టిన పద్దులే అవి. ఖరీదు ఎంతో మాత్రం ఎవరూ చదవరు.